చింతపండుతో తోమిన తోడేలు

ఆ ఏడు నాణేల్లో ఒకదాన్ని నేను చింతపండుతో తోమాను. ఇత్తడి చెంబును తోమినట్టే, కాస్త ఉప్పు వేసి, బొటనవేలితో గట్టిగా. ఆ పని వల్ల మా ఆయన ఉద్యోగమూ, మా ముగ్గురి వీసాలూ పోవలసినవి. ఈ సంగతి ఇంటికి రాసిన ఏ ఉత్తరంలోనూ రాయలేదు. పాప పడుకున్నాక ఈ నోటుబుక్కులో రాస్తున్నాను.

అప్పటికి మేం ఒమన్ దేశంలోని సలాలాలో ఉండబట్టి రెండేళ్లు కావస్తోంది. మా ఆయన ఓడరేవున్న రైసూత్‌లో పడవల ఇంజన్లు, మోటార్లు బాగుచేసే చిన్న వర్క్‌షాపులో వైండింగ్ పని చేసేవాడు. కాలిపోయిన మోటారులోంచి పాత రాగి తీగ విప్పేసి కొత్త తీగ చుట్టడం ఆయన డ్యూటీ. వర్క్‌షాపు యజమాని ఆ ఊరివాడే, అరవై దాటిన మనిషి. అందరూ అర్బాబు అనేవాళ్లు, మేమూ అలాగే అనేవాళ్లం. మా వీసా గడువు తర్వాతి నెలతో అయిపోతుంది. అర్బాబు కాగితం మీద సంతకం పెడితే పాస్‌పోర్టులో కొత్త స్టాంపు పడుతుంది. పెట్టకపోతే కరీంనగర్ బస్సే.

నేను అనుమానం మనిషిని. పాప పుట్టాక అది ఇంకా ముదిరింది. గ్యాస్ కట్టేశానా లేదా అని మూడుసార్లు లేచి చూసేదాన్ని. పాప కాస్త ఎక్కువసేపు పడుకుంటే ముక్కు దగ్గర వేలు పెట్టేదాన్ని. మా ఆయన డ్యూటీ సంచిని రోజూ వెతికేదాన్ని. ఏం దొరుకుతుందని వెతికేదాన్నో నాకూ తెలియదు. మా ఎదురు బిల్డింగులో ఉండే ఒకతను పాత శిథిలాల దగ్గర దొరికిన ఏదో కుండ ముక్కను గదిలో పెట్టుకున్నాడనీ, అతన్ని మర్నాడే విమానం ఎక్కించారనీ చెప్పుకునేవారు. అది నిజమో కాదో నాకు తెలియదు. కానీ విన్న రోజునుంచీ నాకు మర్చిపోవడం చేతకాలేదు.

వానాకాలపు తుంపర ఆగీ ఆగనట్టున్న రోజులవి. ఒక ఆదివారం సాయంత్రం మా కింది వాటాలో ఉండే నర్సు అక్క వచ్చి కూర్చుంది. ఆమెది కాకినాడ వైపు. పెద్దాసుపత్రిలో పనిచేసేది. పాపకు జలుబు చేసినా, పన్ను వచ్చినా నేను ఆమె దగ్గరికే పరిగెత్తేదాన్ని. మేం టీ తాగుతుండగా మా ఆయన వచ్చాడు. సంచిని మేకుకు తగిలించేటప్పుడు అందులో ఏదో గలగలమంది.

"ఏం తెచ్చిన్రు సంచిల?" అన్నాను.

ఆయన అక్కవైపు ఒకసారి చూసి, "ఏం లేదు. నట్టులు," అన్నాడు.

ఏం లేకపోతే ఏం లేదనాలి, నట్టులైతే నట్టులనాలి. రెండూ ఒకేసారి ఎందుకు? పైగా అక్కవైపు ఎందుకు చూశాడు? ఆ రాత్రి అన్నం పెడుతూ కూడా ఆయన ముఖమే చూశాను. ఆయన చేప ముల్లు తీసుకుంటూ మోటార్ల సంగతి చెప్పాడు. నట్టుల సంగతి చెప్పలేదు.

మర్నాడు ఒక పడవ మోటారు కాలిపోయిందట, తెల్లవారుజామునే పిలిపించారు. సంచి మేకు మీదే ఉండిపోయింది. తీసి చూశాను. సిగరెట్ పెట్టెకు వచ్చే వెండి కాగితంలో చుట్టి, పైన చేతిరుమాలు కట్టి ఉన్నాయి. ఏడు చిన్న బిళ్లలు. పావలా కంటే చిన్నవి. పచ్చగా పాచి పట్టినట్టున్నాయి, అక్కడక్కడా నలుపు. వాటికి లుబాన్ వాసన పట్టి ఉంది. ఆ ఊళ్లో ప్రతి ఇంట్లో వేసే సాంబ్రాణి లాంటి ధూపం అది.

నేను బి.ఏ. హిస్టరీ చదివాను. మా జిల్లా పొలాల్లో కూడా రోమ్ నాణేలు దొరికాయని మా లెక్చరర్ ఒక ఫొటో చూపించేవారు. ఆ ఫొటో క్లాసులో చేతులు మారి నా దగ్గరికి వచ్చేసరికి మూలలు నలిగిపోయి ఉండేది. అందులోవి వెండివి. ఇవి కంచువి. అయినా చూడగానే గుర్తుపట్టాను. ఒక బిళ్ల మీద ఒక మనిషి తల పక్కకు తిరిగి ఉంది, జుట్టు చుట్టూ పూసల పట్టీ. వెనక వైపు ఒక సిపాయి ఈటెతో గుర్రం మీంచి పడిపోతున్న మనిషిని పొడుస్తున్నాడు. ఇంకో దాని మీద ఇద్దరు సిపాయిలు మధ్యలో జెండా పెట్టుకుని నిలబడ్డారు. మరొక దాని మీద కోట తలుపు, పైన రెండు చుక్కలు. ఆ గోరంత జాగాలో ఎవరో ఒకరు కాపలా కాస్తున్నారు, లేకపోతే ఎవరినో పొడుస్తున్నారు. చూస్తుంటే నాకు మంచిగా అనిపించలేదు. మిగతావాటి మీద పచ్చటి పొర తప్ప ఏమీ కనిపించలేదు.

ఊరికి తూర్పున, సముద్రపు నీళ్లు లోపలికి వచ్చే కయ్య పక్కన తవ్వకాలు జరిగే పాత ఊరు ఒకటుంది. మా ఆయన అక్కడికి వెళ్లాడా? ఎవరైనా దొంగిలించి దాచమని ఇచ్చారా? లేక ఎవరైనా కావాలనే సంచిలో వేసి ఇరికించారా? ఒక్కొక్క ఆలోచనకూ ఒక్కొక్క ముఖం గుర్తొచ్చింది. ఎక్కడివక్కడ కట్టి, సంచి మళ్లీ మేకుకు తగిలించాను. ముడి ముందు వేసినట్టే వేశానో లేదో అని మళ్లీ దించి చూశాను.

మధ్యాహ్నం పాపను ఎత్తుకుని కిందికి వెళ్లాను. అక్క అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి జడ విప్పుకుంటోంది.

"ఏంటమ్మాయ్, అలా ఉన్నావు? పాపకేమన్నా ఒంట్లో బాలేదా?"

"పాప మంచిగనే ఉంది. అక్కా, మొగోళ్లు ఏం లేదన్నరంటే ఏమన్నట్టు?"

ఆమె నవ్వింది. "ఏం లేదన్నారంటే ఏదో ఉన్నట్టే. ఆ ఏదో నీకు తెచ్చిన చీరైనా కావచ్చు కదా. ఎందుకంత బెంగ? తమ్ముడు అలాంటోడు కాదులే."

అలాంటోడు అంటే ఎలాంటోడు? ఈమెకేం తెలుసు? ఆయన ఆమెవైపు చూసిన చూపు మళ్లీ గుర్తొచ్చింది. ఇద్దరికీ తెలిసిన విషయం నాకు చెప్పడం లేదా? అప్పుడు అలా అనుకున్నందుకు ఇప్పుడు సిగ్గేస్తుంది. పాపకు మూడు రాత్రులు జ్వరం వస్తే నా పక్కన కూర్చున్న మనిషి ఆమె.

మా ఆయన్ని అడిగితే ఒక్క మాటతో తేలిపోయేది. అడగలేదు. అడిగితే అబద్ధం చెబుతాడు, చెప్పాక నేను నమ్మినట్టు ఉండాలి, అంతకంటే తెలియనట్టు ఉండడమే మేలనుకున్నాను. ఆ రాత్రి ఆయన పదింటికి వచ్చి, రెండు ముద్దలు తిని, చేతులకు గ్రీజు ఉండగానే పడుకున్నాడు.

మంగళవారం కూడా ఆయన సంచి మేకు మీదే వదిలి వెళ్లాడు. పాప పడుకోగానే మూట మళ్లీ విప్పాను. ఒకటి మాత్రం శుభ్రం చేసి చూస్తే అసలువో నకిలీవో తెలుస్తుందనుకున్నాను. నకిలీవైతే భయం లేదు. బజారులో తెలియనివాళ్లకు అమ్మే బొమ్మ బిళ్లలని ఊరుకోవచ్చు. అన్నిటికంటే పాచి ఎక్కువ పట్టిన దాన్ని ఏరాను. బొమ్మే కనిపించనిది కాబట్టి పాడయ్యేదేమీ లేదనుకున్నాను. నానబెట్టిన చింతపండు పిప్పి, రాళ్ల ఉప్పు. మా అమ్మ దేవుడి సామాన్లు తోమే పద్ధతి నాకు తెలిసిన పద్ధతి. రాగైనా కంచైనా పచ్చబడిందంటే తోమలేదని అర్థం. తోమకపోతే ఇల్లాలికి మాట వస్తుంది. ఆ పచ్చదనం పోగొట్టకూడనిది కావచ్చన్న ఆలోచన నాకు రాలేదు.

గోరింటాకు నూరిన గిన్నె కడిగితే వచ్చే నీళ్లలా సింకులోకి పచ్చటి నీళ్లు దిగాయి. బిళ్ల ఎర్రగా తేలింది. కొత్త రాగి బిందె రంగు. ఒకవైపు శిరస్త్రాణం పెట్టుకున్న తల. మొదట మగవాడనుకున్నాను, దవడ చూస్తే ఆడమనిషి. అంచు చుట్టూ అక్షరాలు, ఇంగ్లీషువాటిలాగే. చివర ఆర్, ఓ, ఎం అని చదవగలిగాను. రెండోవైపు తిప్పాను.

ఒక తోడేలు నిలబడి ఉంది. దాని కడుపు కింద ఇద్దరు పసిపిల్లలు తలలెత్తి పాలు తాగుతున్నారు. తోడేలు మెడ వెనక్కి తిప్పి వాళ్లవైపు చూస్తోంది. పైన రెండు నక్షత్రాలు. ఏటి ఒడ్డున వదిలేసిన కవల పిల్లలకు తోడేలు పాలిచ్చిందనీ, వాళ్లలో ఒకడే రోమ్ కట్టాడనీ మా లెక్చరర్ చెప్పిన కథ గుర్తొచ్చింది. ఒక్క నిమిషం నా భయం మర్చిపోయాను. పాలు తాగే బిడ్డ బాగా తాగుతోందా లేదా అని ప్రతి తల్లీ మెడ వంచి అలాగే చూస్తుంది. నేనూ చూశాను. అంతలోనే, దాని నోరు పిల్లల తలలకు మరీ దగ్గరగా ఉందనిపించింది. నాకుతోందో, కొరకబోతోందో బిళ్లను చూసి చెప్పలేం.

సాయంత్రం మా ఆయన వచ్చి, సంచిలోంచి మూట తానే తీసి నా ముందు పెట్టాడు. "జర ఇవి చూడు. నీకే తెచ్చిన," అని ముడి విప్పాడు. ఆరు పచ్చవి, ఒకటి ఎర్రగా మెరుస్తూ.

"గిదేంది?"

"నేనే తోమిన."

"తోమినవా? దేనితోని?"

"చింతపండుతోని. మీరు నట్టులన్నరు గదా. నట్టులను తోమితే ఏమైతది?"

ఆయన ఎర్రదాన్ని తీసి రెండువైపులా తిప్పి చూశాడు. "అయ్యో, గవి నావి గావే. అర్బాబువి. వాళ్ల నాయిన ఎన్నడో వానలు పడ్డంక కయ్య ఒడ్డుకు ఏరుకొచ్చి లుబాన్ డబ్బల దాసిపెట్టిండట. పోర్టుల ఒక గోరా, గదే తెల్లోడు, ఇంజనీరు ఉన్నడు. ఇవి దేనికీ పనికిరావంటడు, మళ్ల అమ్ముతవా అమ్ముతవా అని మూడుమాట్ల అడిగిండట. అర్బాబుకు అనుమానమొచ్చింది. మా ఆమె హిస్టరీ సదివింది, సదివి చెప్తదని నేనే అన్న. ఎవలకు చూపియ్యద్దు, నీ భార్యకొక్కదానికే అన్నడు. అక్క ముంగట ఎట్ల జెప్పాలె? ఆ రాత్రి మోటార్ల ముచ్చట్ల వడి మర్చిన. నిన్న జెప్దామంటె కండ్లు మూతలు వడ్డయి."

నేను నమ్మాను. నమ్మడం వల్ల భయం తగ్గలేదు, వేరే దారి పట్టింది. ఇప్పుడు దొంగతనం లేదు గానీ, సంతకం పెట్టవలసిన మనిషి వస్తువును పాడుచేసింది నేనే.

"మళ్ల పచ్చగ చేస్త," అన్నాడాయన. "ఉప్పునీళ్లల్ల ఏసి, బ్యాటరీ ఆసిడ్ రెండు చుక్కలు పోస్తె రెండు రోజులల్ల పచ్చవడుతది. రాగి సంగతి నాకెర్క లేదా?"

ఎర్కే. ఆ పని చేయగలడు కూడా. నాకు ఆశ కలగలేదని చెప్పను. కానీ ఆ గోరా ఎంత దగ్గరగా చూశాడో మాకు తెలియదు. అర్బాబు ఒక్కొక్క మచ్చా గుర్తుపెట్టుకున్నాడేమో తెలియదు. పట్టుబడితే తోమినందుకు కాదు, మోసానికి పోతాం. "వద్దు," అన్నాను. "నేనొస్త. నేనే చెప్త."

శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక అర్బాబు ఇంటికి వెళ్లాం. చెప్పులు వాకిట్లో విప్పి, దిండ్లు వేసిన గదిలో గోడవారన కూర్చున్నాం. కాఫీ, హల్వా వచ్చాయి. అర్బాబు తల్లి కర్ర పట్టుకుని వచ్చి పాప ఎదురుగా కూర్చుంది. కొండ మీద మేకల మధ్య పుట్టి పెరిగిన మనిషని మా ఆయన దారిలోనే చెప్పాడు. పాప ఆమె ముక్కుపుడక లాగబోయింది. ఆమె ముఖం ఇంకా దగ్గరికి పెట్టింది. నేను పాప చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కున్నాను. అక్కడ కూడా నాకు అదే బుద్ధి.

మా ఆయన మూట అందించాడు. నేను నోరు తెరిచేలోపే అర్బాబు రుమాలు విప్పి నాణేలను స్టీలు పళ్లెంలో వరసగా పెట్టాడు. ఎర్రటిదాన్ని రెండు వేళ్లతో తీసి కిటికీ దగ్గరికి వెళ్లి చూసి వచ్చాడు. ఉర్దూలో మా ఆయన్ని అడిగాడు.

"ఛే పురానా, ఏక్ నయా. మేరా సాత్వాఁ కిధర్?"

ఆరు పాతవి, ఒకటి కొత్తది, నా ఏడోది ఎక్కడ? ఇంతదాకా నేను తోమి పాడుచేశానంటాడనే భయపడ్డాను. మార్చేశామంటాడని ఊహించలేదు. ఆయనకు కనిపించింది అదే. పాతది ఎవరికో ఇచ్చి, కొత్తది పోయించి తెచ్చారని.

"నహీ అర్బాబ్, కసమ్ సే, వహీ హై," అన్నాడు మా ఆయన. ఒట్టేసి చెప్తున్నా, ఇది అదే అని.

"గోరాకో దియా?" గోరాకు ఇచ్చావా అని.

"నహీ అర్బాబ్."

అర్బాబు ఇంక మా ఆయనవైపు చూడలేదు. దిండు పక్కనున్న ఫైలును ఇంకాస్త అవతలికి జరిపాడు. మా వీసా కాగితాలు అందులో ఉన్నాయో లేదో నాకు తెలియదు. ఉన్నాయనే అనుకున్నాను.

నేనే చింతపండుతో శుభ్రం చేశానని నా కాలేజీ హిందీలో చెప్పాను. "మైనే సాఫ్ కియా. ఇమ్లీ సే."

"ఇమ్లీ సే?" ఆయన నన్ను వింతగా చూశాడు. తల్లికి వాళ్ల భాషలో ఏదో చెప్పాడు. ఆమె చెయ్యి చాచి ఎర్ర బిళ్ల తీసుకుని, కంటికి ఆనించుకుని చూసి, ఏదో అడిగింది. అది ఏం జంతువని అడుగుతోందని అర్బాబు చెప్పాడు. నేను తోడేలు కథ చెప్పాను. మా ఆయన దాన్ని సరైన ఉర్దూలో పెట్టాడు, అర్బాబు వాళ్ల భాషలో పెట్టాడు. వింటూ ఆమె నోరు తెరిచింది, తర్వాత పగలబడి నవ్వింది. ఆమె మాటను అర్బాబు నవ్వకుండానే మాకు చెప్పాడు.

"అమ్మీ బోల్తీ, యే బనానేవాలా కభీ బక్రీ నహీ చరాయా."

ఈ బిళ్ల చేసినవాడు ఎన్నడూ మేకలు కాయలేదట. తోడేలు పాలిస్తుందా, మా మేకపిల్లల్ని అడగమందట.

నవ్వు ఆపి ఆమె లోపలికి కేకేసింది. కోడలు ఒక గిన్నెలో చింతపండు, నీళ్లు తెచ్చి నా ముందు పెట్టింది. ఇంకొకటి తోమి చూపించమని ముసలమ్మ పళ్లెం నావైపు తోసింది. అర్బాబు కాసేపు ఆలోచించి తానే ఒకదాన్ని ఎంచి ఇచ్చాడు. అన్నిటికంటే బొమ్మ స్పష్టంగా ఉన్నది. ఈటె, గుర్రం, పడిపోతున్న మనిషి. నేను చెప్పింది నిజమైతే ఈ బొమ్మ ఇంకా మెరుస్తుందని ఆయన లెక్క.

మొదటిదాని మీద బొమ్మ అదృష్టం కొద్దీ నిలిచింది. ఇది నిలుస్తుందో లేదో నాకు తెలియదు. ఆ మాట చెబుదామా అనుకున్నాను. చెబితే తప్పించుకుంటున్నాననుకుంటాడు. పాపను మా ఆయన ఒళ్లో కూర్చోబెట్టి, చింతపండు పిసికి, రుద్దడం మొదలుపెట్టాను. నీళ్లు పచ్చబడ్డాయి. బొటనవేలి కింద ఈటె తగులుతూ తగులుతూ ఉండి, ఇంక తగలలేదు. గుర్రం పోయింది. మనిషి పోయాడు. ఆ బొమ్మంతా పచ్చటి పొరలోనే ఉందన్నమాట, కింద లోహంలో లేదు. గుంటలు పడిన ఎర్రటి రేకు మిగిలింది. రంగు మాత్రం తోడేలు బిళ్ల రంగే. రెండూ పక్కపక్కన పెట్టి పళ్లెం ఆయనవైపు జరిపాను. పచ్చబడ్డ వేళ్లు కొంగుకు తుడుచుకున్నాను.

అర్బాబు రెంటినీ చాలాసేపు చూశాడు. గిన్నెలో పచ్చటి నీళ్లను చూశాడు. బొమ్మ పోయినదాన్ని వేలితో తడుముతూ, "బాబాకా థా," అన్నాడు. మా నాన్నది అని. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

ముసలమ్మ కొడుకుతో ఏదో గట్టిగా అంది. ఏం అందో ఆయన మాకు చెప్పలేదు. తర్వాత నన్నే అడిగాడు, మిగిలినవి ఆ గోరాకు ఇవ్వచ్చా అని. వీటి ధర నాకు తెలియదు, కానీ ఇవి వెయ్యేళ్ల పైమాటే, మస్కట్ మ్యూజియంలో ఎవరినైనా అడిగిందాకా ఎవరికీ ఇవ్వకండి, తోమకండి అన్నాను. ఆఖరి మాటకు మా ఆయన తల వంచుకున్నాడు. అర్బాబు మీసంలో ఏదో కదిలింది, నవ్వో కాదో తెలియదు.

బయటికి వచ్చి పికప్ ఎక్కాక నేనే అడిగాను. "సంతకం పెడ్తడా?"

"పెడ్తడు."

"పెడ్తనని అన్నడా?"

"అనలె. రేపు ఏడింటికి బతాకా పట్టుకొని రమ్మన్నడు."

బతాకా అంటే లేబర్ కార్డు. కొత్తది చేయించడానికైనా అడగొచ్చు, రద్దు చేయడానికైనా అడగొచ్చు. ఆ మాట ఆయనతో అనలేదు. ఆయనకు తెలియక కాదు. దారి పొడవునా ఆయన పాపకు ఒంటెలను చూపిస్తూనే ఉన్నాడు.

మర్నాడు కార్డు తీసుకుని అర్బాబు తన పెట్టెలో పెట్టుకున్నాడట. ఆ తర్వాత పదకొండు రోజులు ఏమీ చెప్పలేదు. పని మాత్రం మామూలుగానే ఇచ్చాడు. నేను ఇద్దరి బట్టలూ సగం పెట్టెలో సర్ది, పాపవి మాత్రం బయటే ఉంచాను. పన్నెండో రోజు మా ఆయన పాస్‌పోర్టులు తెచ్చి నా చేతిలో పెట్టాడు. స్టాంపు పడింది. రెండేళ్లు. అర్బాబు మమ్మల్ని నమ్మి పెట్టాడో, తల్లి మాట కాదనలేక పెట్టాడో, వైండింగ్ చేసే మనిషి అంత తొందరగా దొరకడని పెట్టాడో ఇప్పటికీ నాకు తెలియదు. మా ఆయన నమ్మాడనే అంటాడు. ఆ రోజు నేను పాస్‌పోర్టును కిటికీ దగ్గరికి తీసుకువెళ్లి, స్టాంపు మీద తడి వేలు పెట్టి చూశాను. సిరా అంటలేదు. పాప పాస్‌పోర్టు కూడా తెరిచి చూశాను.